ప్రజాప్రసారము, వాణిజ్యప్రసారము: టెలివిజనులో ప్రేక్షకుని స్థానము

“ప్రజా” అను శబ్దమును మనము తెలుగున రెండర్థములలో వాడుచున్నాము. ప్రజాస్వామ్యము, ప్రజాభిప్రాయము అనునప్పుడు అది జనులకు చెందినది. ప్రజాపనుల శాఖ, ప్రజారోగ్య శాఖ అనునప్పుడు అది ప్రభుత్వము నడపునది. ప్రజాప్రసారము అను సమాసమున పూర్వపదమునకు ఈ రెంటిలో ఏ అర్థమును గ్రహింపవలెనో నిర్ణయించుకొనకయే మనలో పెక్కుమంది ఆ విషయమును గూర్చి వాదులాడుచున్నారు. కొందరికి దూరదర్శన్ అనిన సర్కారు. మరికొందరికి అది బాల్యమునాటి తీపి జ్ఞాపకము. టెలివిజనును ప్రజాసంస్థగ నడపుటకును వ్యాపారముగ నడపుటకును గల భేదమెట్టిదో, ఆ భేదమునకు విలువ ఎంతయో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. తెలుగు శాఖ పత్రికలో ఈ చర్చ ఏల అని శంకించువారు ఉందురు. గత అర్ధశతాబ్దిలో తెలుగు పలుకుబడిని ఇంటింటికి చేర్చుటలో పుస్తకముకంటె టెలివిజనే ముందున్నదని వారును ఒప్పుకొందురని తలంచుచున్నాము.

అధ్యాపకుల గదులలో ఈ ప్రసంగము వచ్చినప్పుడు సాధారణముగ వినవచ్చు వాదములు రెండు. వెనుకటి దూరదర్శన్ కార్యక్రమములు సభ్యముగ, శుద్ధమైన భాషలో ఉండెడివనియు, ప్రైవేటు ఛానెళ్లు అభిరుచిని చెరచినవనియు ఒక పక్షము. ఆ కార్యక్రమములు నిద్ర తెప్పించెడివనియు, పోటీ వచ్చిన పిదపనే తెలుగు ప్రేక్షకునికి కనులు తెరపడినవనియు రెండవ పక్షము. ఈ రెండును రుచికి సంబంధించిన వాదములు. రుచులలో ఎవరిది మేలో తేల్చుట సాధ్యము కాదు. మంచి కార్యక్రమములు రెండుచోట్లను ఉన్నవి, చెడ్డవి అంతకంటె ఎక్కువగ ఉన్నవి. అందుచే మేము కార్యక్రమమును ప్రక్కకు పెట్టి వేరొక ప్రశ్న వేయుచున్నాము. ప్రసారసంస్థ ఎవరిని తన ప్రేక్షకునిగ లెక్కించుచున్నది? ఆ ప్రేక్షకునికి దానిపై అడుగదగిన హక్కేమైనను కలదా?

వాణిజ్యప్రసారమును గూర్చి మొదట తెలిసికొనవలసినది దాని క్రయవిక్రయముల తీరు. టెలివిజను ముందు కూర్చున్న గృహస్థు తాను ఒక సరకును చవుకగ పొందుచున్నానని తలచును. నిజమునకు అచ్చట ముఖ్యముగ అమ్ముడగుచున్నది కార్యక్రమము కాదు, ఆతని చూపు. కొనువాడు ప్రకటనకర్త. మన దేశమున ప్రకటనకాలమును పది సెకనుల లెక్కన అమ్ముదురు. ఆ పది సెకనుల వెల, ఆ సమయమున ఎందరు చూచుచున్నారు, వారిలో కొనుగోలు శక్తి గలవారెందరు అనుదానినిబట్టి ఏర్పడును. సంతకు వెళ్లినవాడు తాను బేరమాడ వచ్చితిననుకొనుచుండగా, వెనుకనుండి ఎవరో వానినే తూకము వేసి వెలకట్టుచున్నట్లు ఇది ఉండును. ఇందు నింద ఏమియు లేదు. అది ఆ వ్యాపారపు ధర్మము. పత్రికలకును ప్రకటనలున్నవి కదా అందురేమో. పత్రికను పాఠకుడు వెల ఇచ్చి కొనును, ఆ మేరకు ఆతడు కొనుగోలుదారుడు; నేడు కేబులునకు చందా కట్టువాడును కొంత అట్టివాడే. కాని చందాలో ఎక్కువ పాలు సినిమాకును క్రికెట్టునకును పోవును. చందా కట్టలేనివాడు అసలే లెక్కలోనికి రాడు.

ఇచ్చట అర్థశాస్త్రజ్ఞులు చెప్పు ఒక సూక్ష్మము కలదు. వీధిదీపము క్రింద ఒకడు నడచినను వందమంది నడచినను నూనె ఖర్చు ఒకటియే. ప్రసారమును అట్టిదే, ఒక ట్రాన్స్‌మీటరు పరిధిలో క్రొత్తగ ఒక ఇల్లు చేరినందువలన ఖర్చు పెరుగదు. అట్టి వస్తువునకు వెల పెట్టి కొందరిని వెలుపల నిలుపుట వృథా. వెల పెట్టక ప్రకటనలమీద నడపినచో అందరును చూడవచ్చును గాని, ఎవరి చూపునకు వెల ఎక్కువయో వారికొరకే దీపము వెలుగును. ఈ రెండు చిక్కులను తప్పించుకొనుటకై కొన్ని దేశములు మూడవ మార్గమును వెదకినవి.

ఆ మార్గమునకు మొదటి ఉదాహరణముగ బ్రిటనును చెప్పుట పరిపాటి. బి.బి.సి. 1922లో కంపెనీగ పుట్టి 1927లో రాజశాసనముచే కార్పొరేషను అయినది. దానికి ఆదాయము లైసెన్సు రుసుము. 1955 సెప్టెంబరులో అచ్చట ప్రకటనలమీద నడచు ఐ.టి.వి. ఆరంభమైనది. కొలది ఏండ్లకే ఈ రెంటి గుణదోషములను విచారించుటకు సర్ హ్యారీ పిల్కింగ్టను అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి 1962లో నివేదిక ఇచ్చినది. పిల్కింగ్టను గాజు పరిశ్రమాధిపతి, వ్యాపారద్వేషి కాడు. ఆ సంఘమున సభ్యుడైన రిచర్డు హాగర్టు విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యము బోధించు అధ్యాపకుడు. సాహిత్యాధ్యాపకుడు టెలివిజను విచారణలో కూర్చుండుట మనకు నేటికిని వింతగ తోచుటయే ఒక విధముగ మన లోపము.

ఆ నివేదికలోని ఒక తర్కము మిగిలిన సిఫారసులకంటె ఎక్కువ కాలము నిలిచినది. జనులు కోరినదే ఇచ్చుచున్నామను మాటను అది అంగీకరింపలేదు. ప్రతి మనుష్యుడును కొన్ని విషయములలో అధికసంఖ్యాకులతో కూడినవాడు, మరికొన్నింట అల్పసంఖ్యాకుడు. సినిమాపాట వినుటలో లక్షలమందిలో ఒకడైన రైతు, తన పొలములో వరికి తగిలిన తెగులును గూర్చి తెలిసికొనగోరునప్పుడు కొన్ని వేలమందిలో ఒకడు. అవధానము వినగోరునప్పుడు కొన్ని వందలమందిలో ఒకడు. ఎల్లప్పుడును అత్యధికసంఖ్యను వెదకు ప్రసారము ఆ మనుష్యునిలో ఒక పాలును మాత్రమే ఎరుగును. పైగా చూపబడని దానిని ఎవ్వరును కోరలేరు. రైతును, అవధానమును మేము తెచ్చిన ఉదాహరణములు. తర్కము ఆ సంఘమువారిది.

బ్రిటను అనుభవములో మరియొక అంశము మన వాదమునకు ముఖ్యమైనది. 1982 నవంబరులో ఆరంభమైన ఛానెల్ 4 ప్రజల సొత్తు. అయినను దానిని పోషించునది ప్రకటనల సొమ్మే. 1992 చివరివరకు దాని ప్రకటనకాలమును ఐ.టి.వి. కంపెనీలే అమ్ముకొని, దానికి చందా చెల్లించెడివి. ఐ.టి.వి. చేయని పనిని చేయుట, పట్టించుకొనని అభిరుచులను పట్టించుకొనుట దానికి చట్టము విధించిన విధి. సొమ్ము ప్రకటనలనుండియే వచ్చినను, కార్యక్రమకర్తకును ప్రకటనకర్తకును నడుమ ఒక గోడ నిలిచినది. కావున ప్రకటనలు ఉన్నచో వాణిజ్యము, లేనిచో ప్రజాప్రసారము అనుట స్థూలమైన విభాగము. సంస్థ ఎవరికి బాధ్యపడియున్నదను విషయమే ప్రధానము.

ఇక మన దేశమునకు వత్తము. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజను ప్రయోగరూపమున మొదలైనది. పండ్రెండేండ్లు గడచినను అది ఢిల్లీ దాటలేదు. 1972లో బొంబాయికి చేరినది. లోకమందంతటను టెలివిజను నగరములందు ధనికుల ఇండ్లలో ప్రారంభమై మెల్లగ పల్లెకు దిగినది. మన దేశమున ఒక్క యేడు మాత్రము ఆ క్రమము తలక్రిందైనది. ఆ యేటి కథ తెలుగువారికి సన్నిహితమైనది గనుక కొంత విస్తరించి చెప్పుచున్నాము.

విక్రమ్ సారాభాయి ఆలోచనకు ఫలముగ 1969లో భారత అణుశక్తి విభాగమునకును అమెరికా అంతరిక్ష సంస్థకును ఒడంబడిక కుదిరినది. ఆ ప్రయోగమును చూచుటకు ఆయన మిగులలేదు. 1971 డిసెంబరులో మరణించిరి. 1974లో ప్రయోగింపబడిన ఎ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును అమెరికావారు ఒక యేడు మనకు ఎరువిచ్చిరి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు జరిగిన ఈ కార్యమునకు ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగమని పేరు. సైట్ అను సంక్షేపనామమే ప్రసిద్ధము. ఆరు రాష్ట్రములలో 20 జిల్లాలనుండి సుమారు 2,400 గ్రామములను ఎన్నుకొనిరి. ఎన్నికకు ఆధారము వెనుకబాటు. మన రాష్ట్రమునుండి కర్నూలు, మహబూబునగరము, మెదకు, హైదరాబాదు జిల్లాల పల్లెలు చేరినవి. ఊరుమ్మడి సెట్లను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషను తయారుచేసెను. పది అడుగుల వెడల్పుగల జాలి గొడుగువంటి ఏంటెనా ఉపగ్రహమునుండి నేరుగ బొమ్మను పట్టెడిది. కరెంటు లేని కొన్ని ఊళ్లలో సెట్టును బ్యాటరీలతో నడపిరి. నగరమున ధనికుని ఇంట లేని వస్తువు ఊరుమ్మడి బడి ముందు నిలిచినది.

ఉదయము గంటన్నరసేపు బడిపిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలసేపు పెద్దలకు ప్రసారములు సాగెను. వ్యవసాయము, ఆరోగ్యము, కుటుంబసంక్షేమము, కళలు విషయములు. సెలవుదినములలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చిరి. రెండు విడతలలో దాదాపు 50 వేలమంది ఉపాధ్యాయులు దానిని పొందిరి. తెలుగు కార్యక్రమములకు హైదరాబాదున నిర్మాణకేంద్రము ఏర్పడినది.

ఆ నిర్మాణమున ఎదురైన సమస్య మన శాఖకు సంబంధించినది. కర్నూలు రైతుకును మెదకు రైతుకును ఒకే కార్యక్రమమున ఏ తెలుగున చెప్పవలెను? పుస్తకములలో వేరుసెనగ అని వ్రాయుదుము. కర్నూలు ప్రాంతమున వానిని బుడ్డలందురు, తెలంగాణమున పల్లీలు. నాగలి అనిన రాయలసీమలో చాలచోట్ల మడక అనవలెను. ఈ భేదములను శాస్త్రీయముగ సేకరించు పని అప్పటికే మొదలైయున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములదే. సబ్బు అమ్మువానికి ఇట్టి కోశముతో పనిలేదు. సబ్బు పేరు కర్నూలులోను మెదకులోను ఒకటియే. రైతు తన మాటలోనే వినవలెనని ఎవరికైన పూచీ ఉన్నప్పుడే మాండలికము ఖర్చు కాక అవసరమగును.

ఈ ప్రయోగమును పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ప్రసారము మొదలగునాటికి దేశమున అత్యవసరపరిస్థితి ప్రకటింపబడి ఐదు వారములైనది. సాయంకాలపు ప్రసారమున అరగంట దేశమంతటికి ఉమ్మడిగ హిందీలో సాగెడిది. తెలుగు, కన్నడ గ్రామములలో ఆ అరగంట బొమ్మలు చూచుటయే గాని మాట అర్థమగుట అరుదు. ప్రభుత్వము చెప్పదలచినది పల్లె వినుటయే గాని పల్లె చెప్పదలచినది వినుటకు అందు త్రోవ లేదు. బడిలో చేరు పిల్లల సంఖ్య దీనివలన పెరుగలేదని పరిశీలకులు తేల్చిరి. అయినను ఆ పరిశీలనలోనే తేలిన మరియొక అంశమును మరువరాదు. క్రొత్త విషయములు తెలిసికొనుటలో చదువు వచ్చినవారికంటె చదువు రానివారు ఎక్కువ లాభము పొందిరి. పత్రికయు పుస్తకమును ఎవరిని వదలిపెట్టినవో వారికే ఇది అందినది. ఏ ప్రకటనకర్తకును అక్కరలేని ఆ ప్రేక్షకుని, ఒక్క యేడు, ప్రసారసంస్థ తన ముఖ్యప్రేక్షకునిగ లెక్కించినది.

ఆ యేటిలోనే, 1976 జనవరి 1న, నగరకేంద్రముల టెలివిజనులో వాణిజ్యప్రకటనలు మొదలైనవి. ఏప్రిలులో టెలివిజను ఆకాశవాణినుండి వేరుపడి దూరదర్శన్ అయినది. జూలై ముగిసిన వెంటనే ఉపగ్రహము తన దేశమునకు మరలినది. పల్లెసెట్లలో చాలవానికి బొమ్మ నిలిచిపోయినది. సైట్ గ్రామములలో కొన్నింటికైనను ప్రసారమును కొనసాగించుటకు నెలకొల్పిన కేంద్రములలో హైదరాబాదు ఒకటి. 1977 అక్టోబరులో మనకు టెలివిజను కేంద్రము వచ్చినది ఆ మార్గముననే. నగరమునకు టెలివిజను పల్లెల పేరుమీద వచ్చినదని చెప్పిన నేటి విద్యార్థులు నమ్మరు.

తరువాతి పదేండ్లను త్వరగ దాటవచ్చును. 1982లో రంగులును, ఉపగ్రహముద్వారా ఢిల్లీనుండి జాతీయ కార్యక్రమమును వచ్చినవి. 1984 జూలైలో “హమ్ లోగ్” ప్రారంభమైనది. మెక్సికో దేశపు పద్ధతిలో ధారావాహికద్వారా కుటుంబనియంత్రణను బోధింపవలెనని దాని మొదటి సంకల్పము. బోధ ఎక్కువై ప్రేక్షకులు విసుగుచెందగా, కొన్ని భాగముల పిదప బోధను తగ్గించి కథను పెంచిరి. కథ నిలిచినది, ప్రాయోజకులు వచ్చిరి. ప్రజాసంస్థయే తన ప్రేక్షకుని వెలకట్టి అమ్ముట అప్పటినుండి రీతి అయినది. మన హైదరాబాదు కేంద్రమున సైతము వారమంతయు ఎదురుచూచిన కార్యక్రమము సినిమాపాటల చిత్రలహరి అనుట ఎల్లరును ఎరిగినదే.

1990 తరువాత కేబులు వచ్చినది. 1995లో జెమిని, ఈటీవీ అను తెలుగు ఛానెళ్లు ప్రారంభమైనవి. ఇచ్చట వాణిజ్యప్రసారమునకు దక్కవలసిన కీర్తిని మనము దాచరాదు. అంతకుముందు హైదరాబాదు కేంద్రము తెలుగునకు ఇచ్చినది సాయంకాలమున కొలది గంటలు. జాతీయ కార్యక్రమవేళ కాగానే తెలుగు తప్పుకొనవలెను. రోజంతయు తెలుగు వినవచ్చుట ప్రైవేటు ఛానెళ్లవలననే సాధ్యమైనది. “పాడుతా తీయగా” పాత సినిమాపాటల సాహిత్యమును పిల్లల నోట పలికించి, ఒక్కొక్క మాట ఉచ్చారణను సరిదిద్దిన తీరు ఏ పాఠశాలయు చేయలేదు. మా వాదమునకు మరింత ఇబ్బందియైన ఉదాహరణము “అన్నదాత”. 1969నుండి అదే పేరుతో వ్యవసాయపత్రికను నడపుచున్న సంస్థ, తన ఛానెలు ఆరంభమైననాటనే రైతుకొరకు దినదినకార్యక్రమమును పెట్టినది. వాణిజ్యప్రసారము రైతును లెక్కింపదని చెప్పువారికి ఇది చాలిన సమాధానము వలె తోచును.

మేము దీనిని తీసివేయుట లేదు. అయినను భేదమెక్కడనో చూడవలెను. “అన్నదాత” ఒక యజమాని సంకల్పమువలన వచ్చినది. ఆ సంకల్పము గొప్పది. రేపు ఆ వేళను ధారావాహికకు అమ్మినచో లాభమని వారసులకు తోచి దానిని తీసివేసినను అడుగుటకు రైతునకు అధికారము లేదు. యజమానిపై ఫిర్యాదు చేయుటకు ఆధారమును లేదు. దాత ఇచ్చు అన్నమునకును, పాలు కలవాడు అడిగి పెట్టించుకొను అన్నమునకును రుచి ఒకటియే కావచ్చును. మొదటిదానిలో తినువాడు కృతజ్ఞుడు, రెండవదానిలో హక్కుదారుడు.

ఆ హక్కు మన దేశమున ఎచ్చట వ్రాయబడియున్నది? 1990లో పార్లమెంటు అంగీకరించి 1997లో అమలునకు వచ్చిన ప్రసారభారతి చట్టము 12వ సెక్షనులో ఉన్నది. విద్య, అక్షరాస్యత, వ్యవసాయము, ఆరోగ్యము, విజ్ఞానము మొదలగువానికి ప్రత్యేకశ్రద్ధ, వివిధ ప్రాంతముల సంస్కృతులకు భాషలకు తగిన చోటు, గ్రామీణులకు, బలహీనవర్గములకు, వెనుకబడిన దూరప్రాంతములవారికి సేవ, గిరిజనుల అవసరములకు తగిన కార్యక్రమములు ఆ సంస్థకు విధులుగ అందు చెప్పబడినవి. ఈ సెక్షనును మన విద్యార్థులు చదువుట మేలు. 1975లో ఒక ప్రయోగముగ పల్లెకు ఇచ్చినదానిని 1990లో చట్టము విధిగ మార్చినది. చట్టములో ఉన్నంతమాత్రమున జరుగునా అందురు. జరుగకపోవచ్చును, అయినను జరుగలేదని వ్రేలు చూపి అడుగుటకు ఒక వాక్యమున్నది.

దీనికి తోడుగ 1995 ఫిబ్రవరి 9న సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును చెప్పవలెను. క్రికెట్టు పోటీల ప్రసారహక్కును గూర్చి కేంద్రప్రభుత్వమునకును బెంగాలు క్రికెట్టు సంఘమునకును నడచిన వ్యాజ్యమది. ప్రసారమునకు ఉపయోగపడు వాయుతరంగములు ప్రజల ఆస్తియని ధర్మాసనము నిర్ణయించినది. తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డిగారు వేరుగ వ్రాసిన అభిప్రాయము మాకు ఎక్కువ విలువైనదిగ తోచుచున్నది. ప్రభుత్వపు గుత్తాధిపత్యమును ఆయన సమర్థింపలేదు; దానిని తొలగించుటయనగా ధనము గలవారి వశము చేయుట యనియు అంగీకరింపలేదు. ప్రభుత్వముకంటె వేరైన ప్రజాధికారసంస్థ చేతిలో ప్రసారము ఉండవలెనని ఆయన తలంపు. వ్యాసారంభమున మేము ఎత్తిన శబ్దార్థసమస్యకు సమాధానము ఒక నిఘంటువులో గాక తీర్పులో దొరకినది.

ఆచరణలో “ప్రజా” శబ్దము నేటికిని రెండవ అర్థమునే చూపుచున్నది. 1966లో చందా సంఘము ఆకాశవాణికిని టెలివిజనునకును వేర్వేరు కార్పొరేషనులు కావలెనని సూచించినది. 1978లో వర్గీసు సంఘము ఆకాశభారతి అను స్వతంత్రన్యాసమును ప్రతిపాదించినది. పన్నెండేండ్లకు వచ్చిన చట్టము అంతటి స్వాతంత్ర్యమును ఈయలేదు. సిబ్బంది జీతములకు సంస్థ ప్రభుత్వము వైపు చూడవలసియున్నది; వార్తలలో అధికారపక్షము ముఖము ఎక్కువగ కనబడునను ఆక్షేపణ ఏ పక్షము అధికారమున ఉన్నను వినబడుచునే ఉన్నది. మంత్రి శంకుస్థాపనలనే వార్తగ చూచి విసిగిన ప్రేక్షకుడు ప్రైవేటు ఛానెలునకు మరలినచో తప్పు ఆతనిది కాదు. ప్రకటనకర్తకు బాధ్యపడు సంస్థకు బదులు మంత్రికి బాధ్యపడు సంస్థను కోరుట మా ఉద్దేశము కాదు. లోపము సంస్థను ప్రజలకు పూర్తిగ అప్పగింపకపోవుటలో ఉన్నది. అప్పగింపనందున సంస్థయే వ్యర్థమనుట, తాళము చెడిపోయినదని ఇల్లు అమ్ముకొనుట.

లెక్కించుట అను మాటను మేము పలుమారు వాడితిమి. అది అలంకారము కాదు. ఛానెళ్ల రేటింగులను కొలుచు ప్రైవేటు పద్ధతి చాలకాలము నగరములు, పట్టణములకే పరిమితమైనది. దేశజనాభాలో అధికభాగమైన పల్లె ప్రేక్షకులు ఆ కొలతలోనికి దేశవ్యాప్తముగ వచ్చినది 2015 అక్టోబరులో, బార్క్ సంస్థ గ్రామీణ అంకెలను వెలువరింప మొదలిడినప్పుడు. అంతవరకు వ్యాపారదృష్టిలో వారు టెలివిజను చూడనివారితో సమానము. అంకెలు వచ్చిన పిదప జరిగినది గమనింపదగినది. 2004 డిసెంబరులో దూరదర్శన్ మొదలిడిన, చందా లేని గొడుగు ప్రసారము నేడు ఫ్రీ డిష్ అని పిలువబడుచున్నది. దానిని పేదల సరకుగ చూచిన పెద్ద ఛానెళ్లు, పల్లె అంకెలు కనబడగానే అందు చోటుకొరకు వేలములలో పోటీపడినవి. 2019లో చందాల లెక్క మారగానే వానిలో ముఖ్యమైనవి కొన్ని తమ ఛానెళ్లను అందుండి ఉపసంహరించుకొన్నవి. వెల పలికినప్పుడు వచ్చుట, తగ్గినప్పుడు వెళ్లుట వారి ధర్మమే. వారు వెళ్లినప్పుడును పల్లె ఇంటి గొడుగు ఖాళీ కాకుండుటకు ఎవరో ఒకరు వెళ్లనివారు ఉండవలెను.

వెళ్లనివారు వెళ్లిపోయినచో ఏమగునో అమెరికాలో ఇప్పుడు కనబడుచున్నది. ఆ దేశమున టెలివిజను మొదటినుండి వాణిజ్యమే. 1967లో ప్రజాప్రసార చట్టము చేసి ఒక కార్పొరేషనును స్థాపించిరి. 1969లో పిల్లలకొరకు వచ్చిన “సెసమి స్ట్రీట్” ఆ వ్యవస్థలో ప్రసిద్ధికెక్కినది. కార్పొరేషను తానుగ కార్యక్రమములు ప్రసారము చేసెడిది కాదు. ప్రభుత్వము ఇచ్చు ధనములో ఎక్కువ పాలు నేరుగ స్థానికకేంద్రములకు పంచెడిది. 2025 జూలైలో అమెరికా కాంగ్రెసు రెండేండ్లకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దుచేసినది. ఆగస్టు మొదట కార్పొరేషను తన పనిని ముగించుచున్నట్లు ప్రకటించినది. ప్రజాప్రసారమునకు ఆదరణ ఉన్నచో చూచువారే చందాలిత్తురు, ప్రభుత్వధనమేల అనువారికి బోస్టను, న్యూయార్కు కేంద్రములు మంచి ఉదాహరణములు. వాని ప్రేక్షకులు సంపన్నులు, చందాలు వచ్చును. అలాస్కావంటి చోట్ల దూరగ్రామములలోని చిన్న కేంద్రములకు ఆ ధనమే ఆదాయములో పెద్ద పాలు. మొదట మూతపడు ప్రమాదము వానికే. చందాలమీద నిలుచు ప్రజాప్రసారము కూడ కొంతవరకు కొనుగోలు శక్తినే అనుసరించునని ఇందువలన తేలుచున్నది.

2014లో రాష్ట్రవిభజన పిదప దూరదర్శన్ తెలుగు ప్రసారము సప్తగిరి, యాదగిరి అని రెండైనది. కర్నూలు ఒక వైపునకు, మహబూబునగరము, మెదకు మరియొక వైపునకు పోయినవి. సైట్ నాడు ఒకే కార్యక్రమమున ఇమిడ్చిన రెండు మాండలికములకు వేర్వేరు వేదికలు దొరకిన ఈ దశలో ఆ వేదికలమీద రైతుతో ఏ తెలుగున మాటాడుచున్నారో పరిశీలించుట పరిశోధకులకు తగిన పని. ఒక పంటకాలము వ్యవధి తీసికొని, ప్రజాసంస్థవారి వ్యవసాయకార్యక్రమములలోని పదములను, ప్రైవేటు ఛానెళ్ల వ్యవసాయకార్యక్రమములలోని పదములను వేర్వేరుగ ఎత్తి వ్రాసి, 1962 నాటి కోశముతో సరిపోల్చవలెను. ఎవరి భాష పొలమునకు దగ్గరగ ఉన్నదో, ఎవరిది ఎరువుల కంపెనీ కరపత్రమునకు దగ్గరగ ఉన్నదో ఆ పట్టికలో కనబడును. ఫలితము మేము ఇచ్చట పట్టిన పక్షమునకు విరుద్ధముగ వచ్చినను ఈ పత్రికలో ప్రకటించుటకు మాకు అభ్యంతరము లేదు.